పాత కోటకు కొత్త సున్నం: గోథిక్ ఆటల రీమాస్టర్లు నిలుస్తాయా?

"దయ్యాలూ లేవు, రక్తపిశాచులూ లేవు అని ఊరందరికీ చెప్పే నువ్వు రక్తపిశాచుల వీడియో గేముల మీద వ్యాసం రాయడమేమిటి?" అని ఒక మిత్రుడు అడిగాడు. దేవుణ్ణి నమ్మనివాడు గుడి శిల్పం గురించి రాయకూడదా అని ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు. కానీ అది తప్పించుకునే జవాబు. అసలు జవాబు ఇది. 1990లలో, 2000ల మొదట్లో వచ్చిన ఆ చీకటి కోటల ఆటలు ఇప్పుడు "రీమాస్టర్" అనే ముద్రతో మళ్ళీ అమ్మకానికి వస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో "లెగసీ ఆఫ్ కెయిన్: సోల్ రీవర్ 1, 2" అలాగే వచ్చాయి. "ఇది ఆ పాతదే, కాస్త మెరుగు పెట్టాం, అంతే" అన్నది ఆ ముద్ర వెనక ఉన్న మాట. "ఇది అదే" అని ఎవరు చెప్పినా, చెప్పేది శవపేటికలో గుడ్డ గురించైనా, తాళపత్రం గురించైనా, మనం సాక్ష్యం అడుగుతాం. ఆటకు మాత్రం మినహాయింపు ఎందుకు?

ముందు మాటల అర్థం తేల్చుకుందాం

రీమాస్టర్, రీమేక్ అనే రెండు మాటల్ని జనం కలిపేసి వాడతారు. మా పుదుచ్చేరిలో ఉన్నవాళ్ళకి ఈ తేడా చెప్పడం తేలిక. గూబేర్ అవెన్యూలో, సముద్రానికి ఎదురుగా, 1870ల నాటి మేరీ భవనం ఉండేది. ఫ్రెంచివాళ్ళ కాలపు పురపాలక కార్యాలయం. 2014 నవంబర్ వానలకి అది కూలిపోయింది. తర్వాత అదే చోట, అదే రూపంలో కొత్త భవనం కట్టి 2021లో ప్రారంభించారు. ఇప్పుడు బీచ్‌కి వచ్చేవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటో దిగి "పాత ఫ్రెంచి భవనం" అనుకుంటూ వెళ్తారు. అది పాతది కాదు. పాతదాని పోలిక. దీన్ని రీమేక్ అనాలి. పాత గోడలు అలాగే నిలబెట్టి, పెచ్చులూడిన చోట పూసి, రంగు వేసి, దీపాలు మారిస్తే అది రీమాస్టర్.

ఇందులో మోసం ఉందని నేను అనడం లేదు. కట్టినవాళ్ళు దాచలేదు, కూలిన సంగతి అందరికీ తెలుసు. తెలియకుండా పోయినప్పుడే ఇబ్బంది. మన ఊరి చరిత్రలోనే ఇంకో సంగతి చూడండి. 1761లో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని గెలిచి, కోటతో సహా ఊరిని నేలమట్టం చేశారు. 1763 పారిస్ ఒప్పందం ప్రకారం 1765లో ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. అంటే గైడ్లు చూపించే తెల్లవాళ్ళ పేట చాలావరకు ఆ తర్వాత కట్టిందే. పాత వీధుల గీతల మీద కొత్త ఇళ్ళు. ఈ ముక్క తెలిసినవాడికి ఊరి అందం ఏమీ తగ్గదు. తెలియనివాడు మాత్రం లేని వయసుకి దండం పెడుతుంటాడు.

గోథిక్ పుట్టుకలోనే ఒక దొంగ తాళపత్రం

ఇక "గోథిక్". రైల్వే స్టేషన్ దగ్గర సేక్రెడ్ హార్ట్ బసిలికా చూసినవాళ్ళకి ఆ మాట కొత్త కాదు. మొన దేలిన తోరణాలు, రంగుటద్దాలు, ఎత్తైన గోపురాలు. ఆ శైలి పుట్టింది 12వ శతాబ్దపు ఫ్రాన్సులో. మన బసిలికా ప్రతిష్ఠ 1907లో. ఏడు వందల ఏళ్ళ తర్వాత పాతదాన్ని తలుచుకుంటూ కట్టిన గుడి అది.

గోథిక్ కథ కూడా అంతే. మొదటి గోథిక్ నవలగా చెప్పే "ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో" 1764 చివర్లో ఇంగ్లండులో వచ్చింది. రాసింది హొరేస్ వాల్‌పోల్. కానీ మొదటి ముద్రణలో ఆయన పేరు లేదు. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఒక ఇటాలియన్ పుస్తకం ఉత్తర ఇంగ్లండులో ఒక పాత కాథలిక్ కుటుంబం గ్రంథాలయంలో దొరికిందనీ, ఇది దానికి అనువాదమనీ ముందుమాటలో చెప్పుకున్నాడు. పుస్తకం బాగా అమ్ముడుపోయాక, 1765లో రెండో ముద్రణలో "నేనే రాశాను" అని బయటపడ్డాడు. పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళకి తిరిగి దక్కిన ఏడాది కూడా అదే. అంటే గోథిక్ అనే ప్రక్రియ మొదటి అడుగే లేని పాతదనాన్ని అంటగట్టుకోవడం. మన పురాణ పరిశోధకులకి ఈ విద్య బాగా తెలుసు లెండి.

రక్తపిశాచి సంగతి ఇంకా ముఖ్యం. ఇది వట్టి నవలల సరుకు కాదు. 18వ శతాబ్దంలో సెర్బియా ప్రాంతంలో జనం నిజంగా సమాధులు తవ్వి శవాలకి మేకులు దిగగొట్టారు. ఆర్నాల్డ్ పావోలె అనేవాడు చచ్చిపోయాక తిరిగొచ్చి మనుషుల్ని చంపుతున్నాడన్న పుకారు మీద ఆస్ట్రియా సైనిక వైద్యులు 1732లో ఒక నివేదిక రాశారు. శవాల నోట్లో రక్తం, ఉబ్బిన పొట్టలు, పెరిగినట్టు కనిపించే గోళ్ళు, అన్నీ అందులో ఉన్నాయి. యూరప్ అంతా చదివి వణికింది. 1755లో మళ్ళీ ఒకచోట శవాన్ని తవ్వి తీస్తే, మరియా థెరిసా మహారాణి విచారణ జరిపించింది. ఆమె వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ ఇదంతా శవం కుళ్ళడంలో మామూలుగా జరిగేదేననీ, మిగతాది అజ్ఞానమూ భయమూ అనీ తేల్చాడు. రాణి సమాధులు తవ్వడాన్ని నిషేధించింది. 1988లో పాల్ బార్బర్ అనే పరిశోధకుడు ఒక పుస్తకం మొత్తం ఇదే విషయం మీద రాశాడు. కుళ్ళేటప్పుడు లోపల వాయువులు పుట్టి శవం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రక్తం రంగు ద్రవం నోటికి వస్తుంది, చర్మం వెనక్కి ముడుచుకుంటే గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయి. అంతే.

శాస్త్రం ఊరి నుంచి తరిమేసిన పిశాచి కాగితం మీదకి ఎక్కింది. 1897లో బ్రామ్ స్టోకర్ "డ్రాక్యులా" రాశాడు. 1986లో జపాన్ కంపెనీ కొనామి ఆ డ్రాక్యులా కోటనే ఆటగా మార్చింది. బయటి ప్రపంచం దాన్ని "కాసిల్‌వేనియా" అంది. 1996లో "బ్లడ్ ఓమెన్: లెగసీ ఆఫ్ కెయిన్", 1999లో "సోల్ రీవర్". చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి "కంచుకోట", "శిథిలాలయం" చదివి పెరిగిన తెలుగువాడికి ఈ పాడుబడ్డ కోటలు, మాంత్రికులు పరాయి సరుకేమీ కాదు.

ఈ ఆటలో మనకేముంది

కథ తెలుసుకోకుండా ఆడాలనుకునేవాళ్ళు ఈ భాగం వదిలేయండి.

సోల్ రీవర్ నాయకుడు రజీల్ ఒక రక్తపిశాచి. యజమాని కెయిన్ అతన్ని సుడిగుండంలో తోయిస్తాడు. నీళ్ళ అడుగున ఎల్డర్ గాడ్ అనే ఒక "దేవుడు" అతన్ని లేపి, ప్రతీకారం తీర్చుకో అని పంపిస్తాడు. ఆ దేవుడు చెప్పే సిద్ధాంతం మనం రోజూ వినేదే. ప్రాణులన్నీ విధిచక్రంలో తిరగాలి, చావాలి, పుట్టాలి, చక్రం ఆగకూడదు. కాలాన్ని చూడగలనని చెప్పుకునే మోబియస్ అనే మాంత్రికుడు ఒకడున్నాడు. జోస్యాలు చెప్పి, అవి నిజమయ్యేట్టు మనుషుల్ని తనే తోస్తుంటాడు. 2003లో వచ్చిన "డిఫయన్స్" చివర్లో గుట్టు బయటపడుతుంది. ఆ దేవుడు చక్రంలో తిరిగే ఆత్మల్ని తిని బతికే పరాన్నజీవి. ఆ చక్రం అతని భోజనం. ప్రాచీన కాలంలో అతన్ని కొలిచినవాళ్ళు, చావులేని శాపం తగిలి చక్రానికి దూరమయ్యామన్న దిగులుతో ఆత్మహత్యలు చేసుకున్నారు.

కర్మ సిద్ధాంతం వల్ల లాభం ఎవరికి అని చార్వాకుల కాలం నుంచీ అడుగుతున్న ప్రశ్నని ఒక వాణిజ్య కంపెనీ ఆట పిల్లల చేతికి ఇచ్చింది. ఏమీ హెన్నిగ్ దర్శకత్వంలో క్రిస్టల్ డైనమిక్స్ వాళ్ళు చేసిన ఈ పని పోగొట్టుకోదగ్గది కాదు. అందుకే కొత్త ముద్రణలో ఏం మిగిలింది, ఏం మారింది అన్నది నాకు కాలక్షేపం ప్రశ్న కాదు.

జ్ఞాపకం సాక్ష్యం కాదు

"అచ్చం అప్పట్లో ఆడినట్టే ఉంది" అని జనం అంటారు. "అప్పటిది చాలా బాగుండేది, ఇది పాడుచేశారు" అని ఇంకొందరు అంటారు. ఇద్దరూ చూపించేది ఒకే సాక్షిని, తమ జ్ఞాపకాన్ని. ఆ సాక్షి ఎలాంటిదో కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. ఆయన "దయ్యాల యుద్ధం" అనే అమెరికా ఆదివాసుల కథని ఇంగ్లండు చదువరులకి చదివించి, తర్వాత మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ కథ కురచైంది. వింతగా ఉన్నవి రాలిపోయాయి. తెప్ప పడవైంది, సీల్ వేట చేపల వేట అయింది. చెప్పినవాళ్ళెవరూ అబద్ధం ఆడలేదు. మెదడు భద్రపరచదు, ప్రతిసారీ కొత్తగా కట్టుకుంటుంది. మన తలలోనే ఒక రీమేక్ స్టూడియో నడుస్తోందన్నమాట.

ఆటల విషయంలో ఇంకో చిక్కు. 1999 ఆటని 1999 టీవీలో చూశాం. తొలి ప్లేస్టేషన్‌లో ప్రధాన మెమరీ రెండు మెగాబైట్లు. బొమ్మ మూలల స్థానాన్ని పిక్సెల్ కన్నా సన్నగా లెక్కించేది కాదు కనక గోడలు వణికినట్టు కనిపించేవి. దగ్గరకెళితే నేల మీద గళ్ళు వంకరపోయేవి. పాత పిక్చర్‌ట్యూబు టీవీ ఆ గరుకుని కొంత కరిగించి చూపించేది. అదే ఆటని ఇవాళ్టి పలకటీవీలో పెడితే గరుకంతా బయటికొస్తుంది. మరి "అసలు" ఏది? డిస్కులో ఉన్న లెక్కలా, టీవీలో కనిపించిన బొమ్మా? పైగా సోల్ రీవర్ ప్లేస్టేషన్‌కి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి, 2000లో డ్రీమ్‌కాస్ట్‌కి ఒకటి వచ్చింది. మన ఊళ్ళలో చాలామంది ఆడింది ఏ కాపీ సీడీయో. ఎవరి జ్ఞాపకం ఏ ప్రతిదో ముందు చెప్పాలి.

మూడు కేసులు

ఒకటి. "సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్", 2012. ఇది కోటల గోథిక్ కాకపోయినా దానికి దగ్గరి చుట్టం. 2001 నాటి సైలెంట్ హిల్ 2నీ, 2003 నాటి 3నీ కలిపి ఇచ్చారు. పని చేసినవాళ్ళకి దొరికింది తుది కోడ్ కాదు, పూర్తికాని కోడ్. తుది ప్రతి కోడ్‌ని కొనామి భద్రపరచలేదు. ఎప్పుడో సరిదిద్దిన తప్పుల్ని వీళ్ళు మళ్ళీ సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఆ ఊరిని కప్పే పొగమంచు పల్చబడి, దాని వెనక అసంపూర్తిగా వదిలేసిన అంచులు కనబడ్డాయి. ఈ పరంపర మొదటి ఆటలో ఆ పొగమంచు యంత్రం దూరాన్ని చూపలేని బలహీనతని కప్పడానికి పుట్టింది, భయానికి అదే ప్రాణమైంది. ఎందుకుందో తెలుసుకోకుండా తీసేస్తే ఇదే జరుగుతుంది. ఈ రీమాస్టర్ నిలవలేదు.

రెండు. "కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్", 1997. దీనికి 2007లో చేతిలో పట్టుకునే పీఎస్‌పీ కోసం ఒక ప్రతి చేశారు. అందులో సంభాషణలు కొత్తగా రాసి, కొత్త గొంతులతో చెప్పించారు. 2018లో "రెక్వియమ్" పేరుతో ప్లేస్టేషన్ 4కి వచ్చింది ఈ మారిన ప్రతే. పాత ఇంగ్లీషు సంభాషణలు నాటకఫక్కీలో, కాస్త నవ్వొచ్చేట్టు ఉండేవి. కొత్తవి మేలే అనే వాదన ఉంది, కాదనను. కానీ అది కొనుక్కున్న కుర్రవాడు 1997 ఆట విన్నానని అనుకుంటే, అతను విన్నది 2007 ఆటని. ఆట గట్టిదే, నిలిచింది. చరిత్ర పత్రంగా నిలవలేదు.

మూడు. సోల్ రీవర్ 1, 2. చేసింది ఆస్పైర్, క్రిస్టల్ డైనమిక్స్‌తో కలిసి. ఇందులో ఒక్క మీట నొక్కితే ఉన్నచోటనే కొత్త బొమ్మ పోయి పాత బొమ్మ వస్తుంది. ఇంకోసారి నొక్కితే కొత్తది. 2024 ఫిబ్రవరిలో ఇదే సంస్థ తెచ్చిన "టూంబ్ రైడర్ 1-3" రీమాస్టర్‌లోనూ ఈ మీట ఉంది. సోల్ రీవర్‌లో అప్పట్లో గడువు చాలక కోసేసిన భాగాల్ని కూడా, అసంపూర్తిగా ఉన్నవాటిని ఉన్నట్టే, విడిగా పెట్టారు.

ఆ మీట నొక్కుతూ చాలాసేపు ఆడాను. కొత్త బొమ్మలో మొహాలు మెరుగు, దారి తెలుస్తుంది, దిక్కు చూపే దిక్సూచీ పటమూ ఉన్నాయి. పాత బొమ్మలో మూలల్లో చీకటి చిక్కన. వివరం లేనిచోట ఊహ పని చేస్తుంది. రజీల్ భౌతిక లోకం నుంచి ఆత్మల లోకంలోకి జారినప్పుడు చుట్టూ స్తంభాలూ గోడలూ మన కళ్ళ ముందే మెలితిరుగుతాయి, కాలం ఆగిపోతుంది. అది రెండు మెగాబైట్లలో చేశారన్నది పాత బొమ్మలోనే అర్థమవుతుంది. రాతి దిమ్మెల్ని తోసే పజిళ్ళు అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే. ఏ రంగూ వాటిని కాపాడలేదు. రంగు వేస్తే మారనిది ఏదో అదే ఆట అసలు బలం, అసలు బలహీనతానూ.

అబ్రహాం కోవూర్ గారు 1963లో లక్ష రూపాయల పందెం పెట్టినప్పుడు అడిగింది ఒక్కటే. మోసానికి వీల్లేని షరతుల్లో చేసి చూపించండి. ఏ బాబా ఆ షరతుకి నిలవలేదు. ఆ మీట అలాంటి షరతు. "ఇది అదే" అన్నవాడు, అదీ ఇదీ పక్కపక్కన పెట్టి "మీరే చూసుకోండి" అంటున్నాడు. అందుకే మూడో కేసు నిలిచిందంటాను. బొమ్మ అందం రెండో సంగతి.

పరీక్షకి అసలుది ఉండాలి కదా

మనవాళ్ళకి ఇది బాగా తెలిసిన ఉదాహరణతో చెప్తాను. 1957 "మాయాబజార్"కి హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది, శబ్దం మార్చి 2010లో విడుదల చేసింది. రంగుల ఘటోత్కచుడు నచ్చినవాళ్ళున్నారు, నచ్చనివాళ్ళున్నారు. ఆ తగాదాకి అర్థముంది, ఎందుకంటే నలుపు తెలుపుల ప్రతి మనకి ఇంకా దొరుకుతోంది. అది పోయుంటే రంగులదే "అసలు" అయి కూర్చునేది.

ఆటలకి ఆ భాగ్యం తక్కువ. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి అంగట్లో దొరకడం లేదు. గ్రంథాలయాలు అలాంటి ఆటల్ని పరిశోధకులకి దూరం నుంచి చూపించడానికి అనుమతి ఇవ్వమని అడిగితే, 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదంది. అంటే ఒక కంపెనీ తలుచుకుని రీమాస్టర్ చేస్తేనే ఆ ఆటకి పునర్జన్మ. చెయ్యకపోతే లేదు. చేసినవాడు ఏది మార్చినా అడిగే ఆధారం లేదు. విధిచక్రం తిప్పేవాడే దాని మీద బతుకుతున్నాడన్న కథ ఇక్కడ మళ్ళీ గుర్తొస్తుంది.

మన దేశపు అనుభవం కూడా ఒకటుంది. 2003 నాటి "ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది సాండ్స్ ఆఫ్ టైమ్" రీమేక్‌ని యూబీసాఫ్ట్ 2020లో ప్రకటించింది. పని పుణె, ముంబై స్టూడియోల చేతిలో పెట్టింది. మొదటి వీడియో చూసి జనం పెదవి విరిచారు. వాయిదాలు పడ్డాయి, 2022లో పని మాంట్రియల్‌కి పోయింది, 2026 జనవరిలో మొత్తం రద్దయింది. జనం దాన్ని పోల్చింది 2003 ఆటతోనా, తలలో ఉన్న 2003 ఆటతోనా? రెండోదానితో పోటీపడి ఏ స్టూడియో గెలవలేదు.

కాబట్టి "పాత గోథిక్ ఆటల రీమాస్టర్లు నిలుస్తాయా" అంటే నా జవాబు ఇది. పాతదాన్ని పక్కన పెట్టి చూపించేవి నిలుస్తాయి. పాతదాన్ని మింగి తామే పాతవి అనిపించుకునేవి, ఎంత అందంగా ఉన్నా, వాల్‌పోల్ మొదటి ముద్రణ లాంటివి. ఆయన ఏడాది తిరక్కుండా నిజం చెప్పేశాడు, అది ఆయన గొప్ప. కంపెనీల చేత చెప్పించాలంటే కొనేవాడు అడగాలి: అసలు ప్రతి లోపల ఉందా? ఏ ఏటి ప్రతి? ఏం మార్చారు? గుడిలో అడిగే ప్రశ్నల్నే అంగట్లోనూ అడగడం మనకి కొత్త అలవాటేమీ కాదు. మీ దగ్గర పాత డిస్కులు ఉంటే పారెయ్యకండి. అవి ఆటవస్తువులే కాదు, సాక్ష్యాలు కూడా.